మూడేళ్ల ప్లానులో మన వాడ బడి ఉందా?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లలో చాలామందికి చిల్లకల్లు అంటే టోల్‌గేటే గుర్తొస్తుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆ గేటు దాటే ప్రతి బండికీ లెక్క ఉంటుంది. కార్లు ఎన్ని, లారీలు ఎన్ని, రద్దీ ఏటా ఎంత పెరుగుతోంది, పై పొర మళ్లీ ఎప్పుడు వెయ్యాలి, రోడ్డు ఎప్పుడు వెడల్పు చెయ్యాలి అన్నది ముందే కాగితం మీద ఉంటుంది. రోడ్డు వేసేటప్పుడే దాన్ని బాగుచేసుకునే ఖర్చు కూడా రాసుకుంటారు.

అదే రోడ్డుకు అటూ ఇటూ మన పల్లెలున్నాయి. మెట్ట కృష్ణాలో పల్లె అంటే ఊరు అనే అర్థం రాదు. మాలపల్లి, మాదిగపల్లి అనే అర్థం వస్తుంది. ఈ ఏడాది ఆ పల్లెల్లో పుట్టిన పిల్లలు ఐదారేళ్ల తర్వాత ఒకటో తరగతిలో చేరినప్పుడు ఏ గదిలో కూర్చుంటారు? వాళ్లకు తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? వాళ్ల మరుగుదొడ్డి ఎవరు కడుగుతారు, ఆ మనిషికి జీతం ఏ పద్దు నుంచి వస్తుంది? జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో బడి వసతుల మీద పరిశోధన చేస్తూ ఈ ప్రశ్నలు మేం చాలా చోట్ల అడిగాం. గోడలకు రంగులు ఎప్పుడు వేశారో చెప్పినవాళ్లున్నారు గానీ, ఈ ప్రశ్నలకు జవాబు రాసి ఉన్న కాగితం చూపించినవాళ్లు అరుదు.

నిజానికి ఆ కాగితం ఉండి తీరాలి. చట్టం అడిగిన కాగితం అది. దాన్ని రాసే హక్కు తల్లిదండ్రులకే ఇచ్చింది. ఈ వ్యాసం ఆ కాగితం గురించి.

చట్టం ఏం చెప్పింది?

2009 విద్యాహక్కు చట్టం అనగానే ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు గుర్తొస్తాయి. అదే చట్టంలో 21, 22 సెక్షన్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. మన దగ్గర దాన్నే విద్యా కమిటీ, పేరెంట్స్ కమిటీ అంటున్నాం. అందులో కనీసం మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు దక్కాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకోవాలి. ఆ ముగ్గురిలో ఒకరు ఎస్సీ, ఎస్టీలాంటి వర్గాల నుంచి ఉండాలి. ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. హెడ్మాస్టరు కన్వీనరుగా ఉంటారు, అంటే సమావేశం పిలవడం, మినిట్స్ రాయడం ఆయన లేదా ఆమె బాధ్యత.

ఇక 22వ సెక్షన్. కమిటీ తన బడికి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యాలి. ప్రభుత్వమైనా, స్థానిక సంస్థ అయినా ఆ బడికి ఇచ్చే నిధులకూ వేసే పథకాలకూ ఆ ప్రణాళికే పునాది కావాలి. ఈ రెండో వాక్యం ముఖ్యమైనది. పైన నిర్ణయం చేసి కింద సంతకం పెట్టించుకునే పద్ధతిని చట్టం తలకిందులు చేసింది. ముందు కింద రాయాలి, దాన్ని చూసి పైన డబ్బివ్వాలి.

కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనలు ఆ ప్రణాళిక ఎలా ఉండాలో చెప్పాయి. అది మూడేళ్ల ప్రణాళిక, అందులో ఏ ఏడాదికి ఆ ఏడాది ఉప ప్రణాళిక ఉండాలి. నాలుగు సంగతులు తప్పనిసరి. ఒకటి, తరగతివారీగా రాబోయే పిల్లల అంచనా. రెండు, మూడేళ్లలో అదనంగా కావలసిన టీచర్ల సంఖ్య. మూడు, అదనంగా కావలసిన గదులు, వసతులు, సామాను. నాలుగు, వీటికి ఏడాదివారీగా అయ్యే ఖర్చు. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు, అంటే డిసెంబరు నెలాఖరుకు అది సిద్ధం కావాలి. కమిటీ అధ్యక్షులు, కన్వీనరు సంతకాలతో మార్చి 31లోపు స్థానిక సంస్థకు అందాలి.

మేం వెళ్లిన ఒక బడిలో కమిటీ సభ్యురాలైన ఒక తల్లిని ఈ ప్రణాళిక గురించి అడిగాం. బడి పేరు, ఊరి పేరు ఇక్కడ చెప్పం. ఆమె వ్యవసాయ కూలి. మిరపకోతలకు వెళ్తుంటే కబురొచ్చిందని, పుస్తకంలో సంతకం పెట్టి మళ్లీ పనికి వెళ్లానని, అందులో ఏం రాసుందో ఎవరూ చదివి వినిపించలేదని చెప్పింది. ఆమె సంతకం కింద పల్లె పిల్లల మూడేళ్ల భవిష్యత్తు ఉండాల్సింది. అక్కడ ఏముందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

లెక్క ఎక్కడ మొదలుపెడతారన్నదే అసలు సంగతి

బడికి ఎన్ని గదులు కావాలో తేల్చేది పిల్లల సంఖ్య. ఆ సంఖ్య ఎక్కడి నుంచి తీసుకుంటారన్న దగ్గరే మన వాడలు నష్టపోతున్నాయి.

ఒక పల్లె ఉందనుకుందాం. ఇది వివరించడానికి తీసుకున్న ఉదాహరణ మాత్రమే. ఆరు నుంచి పదకొండేళ్ల మధ్య పిల్లలు 96 మంది ఉన్నారు. వాడ బడి హాజరుపట్టీలో ఉన్నది 54 మంది. మిగతా 42 మంది పొద్దున్నే వ్యానెక్కి పేటకో నందిగామకో ప్రైవేటు బడికి పోతున్నారు. అందుకు అమ్మానాన్నలు అప్పు చేస్తున్నారు.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు. 91 నుంచి 120 వరకు నలుగురు. ఒక్కో టీచరుకు కనీసం ఒక తరగతి గది ఉండాలి. హాజరుపట్టీలోని 54తో లెక్కేస్తే ఈ బడికి ఇద్దరు టీచర్లు, రెండు గదులు చాలు. ఐదు తరగతుల పిల్లలు రెండు గదుల్లో కూర్చుంటారు. వాడలోని 96తో లెక్కేస్తే నలుగురు టీచర్లు, నాలుగు గదులు కావాలి.

పిల్లల్ని వ్యానెక్కించిన తల్లిదండ్రుల్ని కారణం అడగండి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడుస్తుంటే చదువెలా వస్తుందంటారు. గదులు లేక పిల్లలు వెళ్లిపోయారు. పిల్లలు లేరు కాబట్టి గదులు అవసరం లేదని కాగితం చెబుతోంది. హాజరుపట్టీ నుంచి మొదలుపెట్టిన ఏ ప్రణాళిక అయినా ఈ గానుగలోనే తిరుగుతుంది. ఏడాదికేడాది పట్టీ చిక్కిపోతుంది. చివరికి పిల్లలు లేని బడి అని పేరు పడుతుంది.

చిన్న నిధులకూ ఇదే సూత్రం. సమగ్ర శిక్ష కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టే ఉంటుంది. 30 మంది వరకు 10 వేలు, 31 నుంచి 100 వరకు 25 వేలు, 101 నుంచి 250 వరకు 50 వేలు. ఒక్క పిల్లవాడు తగ్గి 31 కాస్తా 30 అయితే ఆ బడి 15 వేలు పోగొట్టుకుంటుంది. బల్బులు, సుద్దముక్కలు, కుళాయి రిపేరు, కరెంటు పనులు అన్నీ ఆ గ్రాంటులోంచే చూసుకోవాలి. చిన్న బడి పైకప్పు మీద వాన తక్కువేమీ పడదు. కప్పు బాగుచేసే డబ్బు మాత్రం తక్కువ.

అందుకే మూడేళ్ల ప్రణాళికలో మొదటి అంకె వాడ నుంచి రావాలి. దీనికీ చట్టంలో ఆధారం ఉంది. పుట్టినప్పటి నుంచి 14 ఏళ్లు నిండేవరకు తన పరిధిలోని పిల్లలందరి రికార్డు ఉంచడం స్థానిక సంస్థ బాధ్యత అని 9వ సెక్షన్ చెబుతోంది. ఇంటింటి సర్వే చేసి ఏటా దాన్ని సరిచెయ్యాలని, అందరికీ అందుబాటులో ఉంచాలని నమూనా నిబంధనలు చెప్పాయి. ఆ రికార్డు దొరక్కపోతే అంగన్‌వాడీ రిజిస్టరు ఉంది. మన ఉదాహరణలోని పల్లెలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 57 మంది ఉంటే, వచ్చే మూడేళ్లలో ఏటా ఒకటో తరగతికి 19 మంది వస్తారని అంచనా వెయ్యొచ్చు. ఐదు తరగతులకు అది 95. నాలుగు గదులు అడగడానికి ఈ ఒక్క లెక్క చాలు.

కిలోమీటరు అంటే ఎంత దూరం?

వాడ బడులు చాలా చోట్ల చిన్నవిగా ఎందుకున్నాయో మర్చిపోకూడదు. ఊరి బడిలోకి మన పిల్లల్ని రానివ్వని కాలంలో మిషనరీలు పల్లెల్లో బడులు పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో 1920ల నుంచి లేబర్ డిపార్టుమెంటు ప్రత్యేక బడులు నడిపింది. ఊరు వెలివేసినందువల్ల, మన పెద్దలు పట్టుబట్టినందువల్ల వాడలో బడి అనే ఏర్పాటు వచ్చింది. ఇరుకు స్థలంలో ఒకటో రెండో గదులు, ఆట స్థలం లేకపోవడం ఆ చరిత్ర నుంచి వచ్చినవే. ఇప్పుడు అదే ఇరుకును చూపించి, వసతులు లేవు కాబట్టి బడిని కలిపేద్దామనడం పాత అన్యాయానికి కొత్త వడ్డీ కట్టించుకోవడం.

2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో కింద మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు తరలించారు. పల్లె బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలిన చోట్లు ఎన్నో. 2025 మే నెలలో ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి కొత్త వర్గీకరణ తెచ్చింది. తరగతికొక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి. తరగతికొక టీచరు రావడం మంచిదే. కానీ ఆ బడి ఎక్కడ ఉంటుంది, పల్లె నుంచి దానికి దారి ఏది అన్నది కూడా ప్రణాళికలో భాగమే.

జగ్గయ్యపేట, నందిగామ దారిలో ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. జాతీయ రహదారికి ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క బడి ఉంటే మ్యాపు మీద అర కిలోమీటరే కనిపించొచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల సిమెంటు లారీల మధ్య రోడ్డు దాటాలి. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి నందిగామ మండలం ఐతవరం దగ్గర ఇదే హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల మధ్య వచ్చిన వరదల్లో మళ్లీ అదే జరిగింది. లారీలే ఆగిపోయిన చోట పిల్లలు నడిచి బడికి పోతారా?

నమూనా నిబంధనలు ఈ సంగతిని ముందే ఆలోచించాయి. ఒకటి నుంచి ఐదు తరగతులకు నడిచి వెళ్లే దూరంలో, కిలోమీటరు లోపు బడి ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు. వరద ముప్పు ఉన్నా, దారి లేకపోయినా, ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నా ఈ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలి. సామాజిక, సాంస్కృతిక కారణాల వల్ల పిల్లలు బడికి రాలేని పరిస్థితి ఉండకూడదని కూడా రాశారు. పల్లె పిల్లలు ఊరి నడిబొడ్డు వీధి దాటి వెళ్లడానికి జంకే చోట, ఆ ఒక్క వాక్యం మనకు పెద్ద ఆసరా. మీ ప్రణాళికలో దారిని కూడా కొలిచి రాయండి. ఎన్ని అడుగులు, ఎన్ని రోడ్లు దాటాలి, వానాకాలంలో ఎన్ని రోజులు దారి మూసుకుపోతుందో చెప్పండి.

కట్టడం ఒక రోజు, కాపాడుకోవడం రోజూ

గత కొన్నేళ్లలో బడుల మీద ఖర్చు జరగలేదని మేం అనడం లేదు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన మన బడి నాడు-నేడు తొలి విడతలో 15 వేల 700కు పైగా బడుల్లో 3,600 కోట్లకు పైగా ఖర్చయింది. నీళ్లున్న మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీలు వచ్చాయి. పనులు కాంట్రాక్టర్ల ద్వారా కాకుండా పేరెంట్స్ కమిటీల ద్వారా చేయించారు. మన వాడల్లో మొదటిసారి బల్ల మీద కూర్చున్న పిల్లలున్నారు, దాన్ని తక్కువ చెయ్యకూడదు. 2021 ఆగస్టులో రెండో విడత మొదలైంది. ఆ విడతలో చాలా పనులు సగంలో ఆగాయి. పునాది లేచిన గదులు, ఇనుప చువ్వలు బయటికి కనిపించే పిల్లర్లు ఇప్పటికీ చాలా ఊళ్లలో చూడొచ్చు. ప్రభుత్వం మారింది, పథకం పేరు మన బడి-మన భవిష్యత్తు అయింది. పథకం పేరు మారితే బడి గది ఆగిపోయే పరిస్థితి రాకూడదంటే, ఆ గది ఏ పార్టీ పథకంలోనూ కాక ముందు బడి సొంత ప్రణాళికలో ఉండాలి.

కట్టిన తర్వాత సంగతి ఇంకా ముఖ్యం. 2014, 2015ల్లో స్వచ్ఛ విద్యాలయ పేరుతో దేశమంతా ఒక్క ఏడాదిలో లక్షల మరుగుదొడ్లు కట్టారు. వాటిలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు కట్టించిన వాటిని కాగ్ ఆడిటర్లు కొన్నేళ్ల తర్వాత వెళ్లి చూశారు. వాళ్లు తనిఖీ చేసిన మరుగుదొడ్లలో 72 శాతం వాటిలో లోపల నీళ్లు లేవు. గోడ ఉంది, తలుపు ఉంది, నీళ్లు లేవు. ఎదిగే ఆడపిల్ల నెలలో నాలుగు రోజులు బడి మానేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

నిర్వహణకు డబ్బు రాసుకోని చోట ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో మనకు తెలుసు. 2023 డిసెంబరులో కర్ణాటకలోని కోలారు జిల్లా మాలూరు తాలూకాలో ఒక ఆశ్రమ పాఠశాలలో దళిత పిల్లల్ని మరుగుదొడ్డి గుంతలోకి దించి శుభ్రం చేయించిన సంగతి బయటికొచ్చింది, అరెస్టులు జరిగాయి. ప్రణాళికలో ఖాళీగా వదిలిన గడిని కులం నింపుతుంది. అందుకే మరుగుదొడ్డి కట్టే ఖర్చు పక్కనే మూడేళ్లపాటు దాన్ని కడిగే మనిషి జీతం, యాసిడ్, చీపుర్లు, చేతి తొడుగులు, మోటారు కరెంటు బిల్లు రాయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా తెలుసుకోవాలి. అమ్మ ఒడి రోజుల్లో తల్లికి రావలసిన 15 వేలలోంచి మొదట మరుగుదొడ్ల నిర్వహణకు వెయ్యి, తర్వాత బడి నిర్వహణకు ఇంకో వెయ్యి మినహాయించారు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద కూడా 13 వేలే తల్లి ఖాతాలో పడ్డాయి, 2 వేలు బడి నిర్వహణకు పోయాయి. అంటే బడి మరుగుదొడ్డి కడిగే ఆయాకు ఇచ్చే గౌరవ వేతనం మన తల్లుల డబ్బు. 54 మంది పిల్లలున్న బడిలో అందరికీ పథకం వర్తిస్తే ఆ మినహాయింపు 1,08,000 అవుతుంది. ఆ బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 25 వేలు. తల్లులు పెట్టే సొమ్ము గ్రాంటుకు నాలుగు రెట్లు పైనే. మా సొమ్ములో మా బడికి తిరిగొచ్చింది ఎంత అని కమిటీ సమావేశంలో అడగడం ప్రతి తల్లి హక్కు.

వంటగది కూడా ప్రణాళికలో ఉండాల్సిన వసతే. మధ్యాహ్న భోజనం వండే మనుషుల్ని తీసుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వంటషెడ్లకు కేంద్రం నిధులివ్వాలని కూడా అదే ఆదేశంలో చెప్పింది. బడిలోనే పద్ధతైన వంటగది, నీళ్లు, సామాను గది ఉంటే వంట బడి ఆవరణలోనే సాగుతుంది. అవి లేని చోట వంట ఎవరింట్లోనో, ఎవరి షెడ్డులోనో జరుగుతుంది. ఎవరింట్లో అన్న ప్రశ్న రాగానే కులం వచ్చి కూర్చుంటుంది.

డబ్బు ఏ దారుల్లో ఉంది?

మండలంలో అడిగితే నిధులు లేవంటారు. ఏ పద్దులో లేవని అడగాలి.

మొదటిది సమగ్ర శిక్ష. అదనపు గదులు, మరుగుదొడ్లు, పెద్ద మరమ్మతులు దాని వార్షిక ప్రణాళికలో చేరాలి. బడి వివరాలు యూడైస్‌లో ఎలా నమోదయ్యాయన్నదాన్ని బట్టే ఇది జరుగుతుంది. వాడని మరుగుదొడ్డిని పనిచేస్తోందని టిక్కు పెడితే ఆ బడి అవసరాల జాబితాలోంచి జారిపోతుంది. బడి రిపోర్టు కార్డు ఎవరైనా చూడొచ్చు. చదువుకున్న పిల్లలు ఫోనులో తెరిచి పెద్దలకు చదివి వినిపిస్తే సగం పని అయినట్టే.

రెండోది ఎస్సీ సబ్‌ప్లాన్. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. పదేళ్ల గడువు తీరబోతుంటే 2023 జనవరిలో ఆర్డినెన్సుతో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఎస్సీ ఆవాసాలకు నేరుగా మేలు చేసే పనుల ఖర్చు మొత్తాన్ని సబ్‌ప్లాన్ నుంచి పెట్టడానికి చట్టం వీలిచ్చింది. వాడ బడికి గదులు, ప్రహరీ, నీళ్లు అంతకంటే నేరుగా మేలు చేసేవి ఏముంటాయి? సబ్‌ప్లాన్ సొమ్ము ఎటు పోతోందని ప్రతి బడ్జెట్ అప్పుడూ మాట్లాడుకుంటాం. ఫలానా వాడ బడికి ఫలానా పని అని అంచనాతో సహా రాసిన కాగితం చేతిలో ఉంటే ఆ వాదనకు బలమొస్తుంది.

మూడోది ఈ ప్రాంతానికే ప్రత్యేకం. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. గని లీజుదారులు రాయల్టీకి అదనంగా దానికి డబ్బు కట్టాలి. ఆ నిధిలో పెద్ద భాగం, తొలి మార్గదర్శకాల్లో కనీసం 60 శాతం, 2024 మార్గదర్శకాల్లో 70 శాతం, తాగునీరు, ఆరోగ్యం, విద్యలాంటి ముఖ్య రంగాలకే పెట్టాలి. గనుల ప్రభావం పడే గ్రామాల్లో బడి భవనాలు, అదనపు గదులు, ప్రయోగశాలలు, మరుగుదొడ్లు ఆ జాబితాలో ఉన్నాయి. దుమ్ము మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి వచ్చినప్పుడు రాయల్టీ వాటా మన పిల్లల బడికి రావడం న్యాయం.

గడువు తేదీ రాయించుకున్నవాళ్ల అనుభవం

ఈ పోరాటం మనమొక్కరమే చెయ్యడం లేదు. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష పాలన నల్లజాతి పిల్లలకు మట్టి గోడల బడులు, గుంత మరుగుదొడ్లు మిగిల్చింది. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లవుతున్నా అవి పోలేదు. ఈక్వల్ ఎడ్యుకేషన్ అనే సంస్థలో విద్యార్థులు, తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఊరేగింపులు చేసి, కోర్టుకు వెళ్లి 2013 నవంబరులో బడి వసతుల ప్రమాణాలను ప్రభుత్వంతో ప్రకటింపజేశారు. అందులో గడువులు ఉన్నాయి. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి అసలే లేని బడులకు మూడేళ్లు, మిగతా వసతులకు దశలవారీగా 2030 వరకు. ప్రభుత్వం గడువులు తప్పింది. కానీ తేదీ రాసి ఉంది కాబట్టే తప్పిందని రుజువు చెయ్యగలిగారు, మళ్లీ కోర్టుకెక్కగలిగారు. 2024లో ప్రభుత్వం ఆ నిబంధనలను సవరించి గడువుల్ని తీసేసింది. పాలకులకు ఇబ్బందిగా ఉన్నది ఏమిటో దాంతో తెలిసిపోయింది. మన మూడేళ్ల ప్రణాళికలో కూడా ప్రతి పని పక్కన తేదీ ఉండాలని మేం అంటున్నది ఇందుకే.

మీ బడి కాగితం ఇలా రాయొచ్చు

దసరా సెలవులు అయ్యాక మొదలుపెడితే డిసెంబరుకు పూర్తవుతుంది. మొదట పల్లెలో ఇంటింటికీ తిరిగి పుట్టిన పిల్లల నుంచి పద్నాలుగేళ్ల వరకు వయసువారీగా రాయండి. బడికి రానివాళ్లు, వలస వెళ్లి వచ్చేవాళ్లు, వికలాంగ పిల్లలు, వ్యానెక్కేవాళ్లు విడివిడిగా ఉండాలి. డ్వాక్రా సంఘం అక్కలు, ఇంటర్ చదివే పిల్లలు కలిస్తే రెండు సాయంత్రాల పని.

తర్వాత బడిని కొలవండి. గదుల పొడవు వెడల్పు, కట్టిన ఏడాది, స్లాబు పెచ్చులు ఊడుతున్నాయా, కిటికీలకు రెక్కలున్నాయా, కరెంటు వైరు బయటికి వేలాడుతోందా, ర్యాంపు ఉందా చూసి ఫొటోలు తియ్యండి. బడి స్థలం సర్వే నంబరు, కొలతలు రాయండి, ఆక్రమణ ఉంటే అదీ రాయండి. మెట్ట ఎండలకు మార్చి, ఏప్రిల్ నెలల్లో రేకుల గది కుంపటిలా ఉంటుంది కాబట్టి పైకప్పు దేనితో వేశారన్నది కూడా ముఖ్యమే.

మూడోది వరస. ప్రాణానికి ముప్పున్నవి, నీళ్లు, మరుగుదొడ్లు మొదటి ఏడాది. గదులు, వంటగది రెండో ఏడాది. ప్రహరీ, ఆటస్థలం, లైబ్రరీ మూడో ఏడాది. మీ బడికి వేరే వరస సరైనదైతే అదే రాయండి. ప్రతి పనికీ ఎందుకు, ఎంతమంది పిల్లలకు, ఏ పద్దు నుంచి, ఏ తేదీకి, తర్వాత ఎవరు చూసుకుంటారన్న ఐదు జవాబులుండాలి.

చివరగా, కమిటీ సమావేశంలో దాన్ని గట్టిగా చదవండి. కూలి పనికి వెళ్లే తల్లులు వచ్చేలా సాయంత్రం పెట్టమనండి. తీర్మానం చేసి, ఒక కాపీ మండల విద్యాశాఖాధికారికి, ఇంకోటి పంచాయతీకి ఇచ్చి రెండు చోట్లా ముద్ర, తేదీతో రసీదు తీసుకోండి. గ్రామసభలో కూడా చదివించండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

ఇదంతా చేస్తే గది వెంటనే లేస్తుందని మేం చెప్పలేం. కానీ వాడ రాసిన కాగితం ఉంటే రేపు బడి కలిపేస్తామన్నప్పుడు, నిధులు లేవన్నప్పుడు, పిల్లలు లేరన్నప్పుడు ఎదుట పెట్టడానికి మన చేతిలో మన అంకె ఉంటుంది. మిరపకోత నుంచి వచ్చి సంతకం పెట్టి వెళ్లిన ఆ తల్లిని మళ్లీ కలిసినప్పుడు చట్టం ఏం చెప్పిందో చెప్పాం. ఆమె విని, వచ్చే సమావేశానికి పుస్తకం చదివించకుండా సంతకం పెట్టనంది. మూడేళ్ల ప్రణాళికకు అంతకంటే మంచి మొదటి అడుగు మాకు తెలియదు.